గడ్డి మీద నీడ

ఆదివారం రాత్రి, మారతహళ్ళి

మా పీజీ హాల్లో కుర్రాళ్లు ఒకే గేమ్‌ని రెండు కంపెనీల కన్సోళ్లలో, రెండు టీవీల మీద పక్కపక్కనే ఆడించి, గడ్డి మీద నీడ దేంట్లో బాగుందని గొంతులు చించుకున్నారు. నాకు ఒళ్లు మండింది. "రెండు కంపెనీలూ మన జేబులు కొట్టేవే, వాళ్ల కోసం మీరెందుకురా కొట్టుకుంటారు?" అంటూ కంపెనీల దోపిడీ మీద కరపత్రాల్లో చదివిందంతా ఏకరువు పెట్టాను.

రూమ్మేట్ గిరి చేతిలో కంట్రోలర్ దించకుండానే అన్నాడు: "మా గొడవ మాకు ఖుషీగా ఉండాదప్పా. నీకు గొడవపడేదానికైనా ఒకడుండాడా?"

అందరూ నవ్వారు.

నేనన్నది నిజమే, ఇప్పటికీ అదే అంటాను. అయినా గదిలోకి వచ్చి తలుపేసుకున్నాను. గోడ అవతల ఇంకా అరుచుకుంటున్నారు. నిజానికి ఎడమవైపు టీవీలోనే నీడ మెత్తగా ఉంది. వెళ్లి ఆ మాటంటే, సగం మందైనా నాతో గొడవపడతారు కదా...