పద్నాలుగు పేజీలూ చదువు నాయనా

అత్తయ్యా, మీ చిన్న కోడలి నమస్కారాలు.

ఇది వదిన మీకు చదివి వినిపిస్తారని తెలుసు. వదినా, అమ్మ బాధపడుతుందని ఒక్క ముక్క కూడా మింగెయ్యకండి.

నెల క్రితం ధర కనుక్కుందామని స్కూటర్ల షోరూముకి వెళ్లాను. "ఒకసారి నడిపి చూడండి మేడమ్, దానికో సంతకం" అంటూ సేల్స్‌మన్ ట్యాబ్ చేతిలో పెట్టాడు. గీశాను. ఫోనుకొచ్చిన నంబరు అడిగితే అదీ చెప్పాను. బండి మన గడప తొక్కలేదు కానీ, దాని అప్పు నా పేరున వచ్చి కూర్చుంది. మొదటి వాయిదా జీతంలోంచి పట్టేసుకున్నారు. అప్పిచ్చిన ఆఫీసుకి రెండుసార్లు వెళ్లాను. "సంతకం మీదే కదా" అంటారు. మీ అబ్బాయికి చెప్పడానికి నోరు రావడం లేదు.

నన్ను తినేస్తున్నది వేరే ఉంది. కంటి ఆసుపత్రిలో ఆపరేషనుకి ముందు అందరిచేతా సంతకాలు పెట్టించేది నేనే. ఈ ఇల్లు అద్దెకి తీసుకున్న రోజు కాగితం చదివి వినిపించమని మీరడిగితే, "నేను చదివానుగా, మీకర్థం కాదులెండి" అని అందరి ముందూ నవ్వాను. ఆ రోజు కూడా నేను చదవలేదత్తయ్యా. క్షమించండి.

మీ చిన్న కోడలు

అత్తయ్యా,

అప్పు రద్దయినట్టు ఇవాళ కాగితం వచ్చింది. పట్టుకున్న వాయిదా కూడా తిరిగి వేశారు. మొత్తం పైకి చదువుకున్నాకే నమ్మాను.

వదినా, మీ అమ్మ ఘనకార్యం ఆవిడ నోట రాదు కాబట్టి నేనే చెబుతాను. నా ఉత్తరం విని బయల్దేరి వచ్చి, బస్సు దిగీ దిగగానే, మంచినీళ్లయినా ముట్టకుండా నన్ను ఆ ఆఫీసుకి లాక్కెళ్లారు. మేనేజరు కాగితాలు ముందుకు తోస్తే, "నాకు చదువు రాదు నాయనా, చదివి వినిపించు" అన్నారు.

"పద్నాలుగు పేజీలమ్మా!"

"నా బస్సు సాయంత్రానికి."

పాపం, రెండు గ్లాసుల నీళ్లు తాగి చదివాడు. "ఈ షరతులన్నీ చదివి వినిపించగా విని, ఒప్పుకున్నాను" అన్న చోట ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "నీకే ముప్పావుగంట పట్టిందే! నా కోడలికి ఎవరు వినిపించారు, ఎంతసేపు?" షోరూముకి ఫోన్ చేశాడు. నేను లోపలికి అడుగు పెట్టడానికీ సంతకానికీ మధ్య నాలుగు నిమిషాలట. మేనేజరు కళ్లద్దాలు తీసి, ఫిర్యాదు తనే రాసుకున్నాడు.

అత్తయ్యా, మీ అబ్బాయికి అంతా చెప్పేశాను. కాసేపు అరిచి, "అమ్మ వచ్చింది కాబట్టి సరిపోయింది" అన్నారు. సరిపోవడం కాదత్తయ్యా, నా పరువు నిలబెట్టారు. దారిలో ఆ అద్దె కాగితం మాట ఒక్కసారైనా ఎత్తుతారేమోనని భయపడుతూనే ఉన్నాను. మీరు ఎత్తలేదు. అది నేను మర్చిపోలేను.

ఇప్పుడు ఆసుపత్రిలో ప్రతి కాగితమూ చదివి వినిపిస్తున్నాను. వరుస మెట్లదాకా పోతోందని డాక్టరుగారు విసుక్కున్నారు. నిన్న ఒక పెద్దావిడ మధ్యలో నా చెయ్యి పట్టుకుంది. "ఆగమ్మా, కుడి కన్నంటావేంటి? నాది ఎడమది కదా!" కాగితంలో తప్పు పడింది. డాక్టరుగారు కుర్చీలోంచి లేచి వచ్చి చూసి, ఇంక వరుస గురించి మాట్లాడలేదు.

ఆవిడకి మీ సంగతి చెప్పాను. ఆపరేషన్ అయ్యాక మిమ్మల్ని చూడాలంది, రెండు కళ్లతోనూ.

మీ చిన్న కోడలు