పడవ తానున్న చోటు చెప్పింది

చి.ల.సౌ. చౌడేశ్వరికి,

నేనూ నీ కొడుకూ ఇక్కడ కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావని, కోపంగా కూడా ఉన్నావని, ఆర్టీసీ పార్సిల్‌లో వచ్చిన మురుకుల డబ్బా మూత తీయగానే తెలిసింది. పైన నీ జాబు, కింద మురుకులు. "ఫోన్‌లో అడిగితే సిగ్నల్ లేదని తప్పించుకుంటా ఉండావు, కాగితం మీద రాసి పంపు" అన్నావు. రాస్తున్నాను. ఇవాళే ఆర్టీసీ పార్సిల్‌కు ఇస్తాను, చివరిదాకా చదివి, ఆ తర్వాత తిట్టు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. యువరాజ్ చిక్కలేదు, నల్లబడ్డాడు, అంతే. వాడు పనిచేసే పడవ పెంచలయ్యది. ఆయన భార్య సంతోషమ్మే వాడికి వేళకు అన్నం పెడుతోంది. ఆమె చేపల పులుసు బాగుందా, నా పులుసు బాగుందా అని అడిగావు చూడు, దానికి మాత్రం కాగితం మీద సాక్ష్యం చెప్పను. ఇసుకలో నడిచి నా మోకాళ్లు పట్టేశాయి, సంతోషమ్మ ఇచ్చిన నూనె రాస్తున్నాను. ఏ బస్సుకు వస్తున్నారు అని అడిగావు. దాని సంగతి ఆఖరున రాస్తాను.

వాడిని చొక్కా పట్టుకుని లాక్కురావాలనే బయలుదేరాను. శ్రీ సిటీలో చల్లటి గదిలో కూర్చుని చేసే ఉద్యోగం వదిలేసి, ఏకాంబరకుప్పంలో మన మగ్గాలూ వద్దనేసి, పడవల్లో బ్యాటరీలు, లైట్లు బాగుచేస్తూ వాళ్లతోపాటే వేటకు పోయే కొడుకును ఏ తండ్రి మెచ్చుకుంటాడు? పైగా పోయిన నెల ఈ జాలర్ల ఊరు పట్టపుపాళెం పడవే ఒకటి ఇంజను చెడి కొట్టుకుపోయిందని టీవీలో చూసి నువ్వు అన్నం మానేశావు. నాయుడుపేటలో బస్సు మారేటప్పుడు కూడా వాడిని ఎలా తిట్టాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

నేను వచ్చేసరికి వాడు ఒడ్డుకు లాగిన పడవలో కూర్చుని ఉన్నాడు. ముందు రెండు పెట్టెలు. ఒకటి జీపీఎస్, సముద్రంలో మనం ఎక్కడున్నామో చూపించేది. రెండోది రేడియో, ఒడ్డుతోనూ తక్కిన పడవలతోనూ మాట్లాడేది. దానికి ఒక ఎర్ర మీట ఉంది. ఆపదలో నొక్కితే చుట్టుపక్కల రేడియోలన్నీ మోగుతాయట. కొట్టుకుపోయిన ఆ పడవలోనూ ఈ రెండూ ఉన్నాయి, మీట నొక్కారు కూడా. ఆపద అని అందరికీ తెలిసింది, ఎక్కడ అన్నది ఎవరికీ తెలియలేదు. చోటు తెలిసిన జీపీఎస్ దారి దానిదే, అరిచే రేడియో దారి దానిదే. ఆ మనుషులు దొరికేసరికి తాగడానికి నీళ్లు కూడా మిగల్లేదట.

"అందుకే రెండిటినీ కలపతా ఉండా నాయనా. ఈ తీగల కొసలు ఒలిచి పెట్టు, ఇంజను కాడికి పోయొస్తా" అని వాడు దిగి వెళ్లాడు.

ఒలిచి ఊరుకునే మనిషినా నేను? బుద్ధి తెలిసినప్పటి నుంచి పోగులు అతికిన చేతులు. పడుగు అయిపోవచ్చినప్పుడు రంగుకు రంగు చూసుకుని, వేళ్లకు బూడిద అద్దుకుని, పాత పోగుకు కొత్త పోగు మెలిపెడతాం కదా. అలాగే పసుపు తీగను పసుపుకు, ఆకుపచ్చను ఆకుపచ్చకు, నలుపును నలుపుకు కలిపేశాను. సంతోషమ్మ చూసి "జడ అల్లినట్టుండాదే అన్నా" అంది. నేను మీసం తడుముకున్నాను.

యువరాజ్ వచ్చి బ్యాటరీ తగిలించాడు. జీపీఎస్ వెలిగింది, రేడియో వెలిగింది. రేడియో మాత్రం తనకు చోటు తెలియదనే చూపించింది. వాడు నా అతుకులు చూసి నవ్వడం మొదలుపెట్టాడు. నా ఎదుట వాడు నవ్వి ఎంత కాలమైందో నీకు తెలుసు.

"సీర నేసినావు నాయనా నువ్వు. ఈడ రంగు సూడకూడదు. జీపీఎస్ మాట్లాడే తీగ రేడియో వినే తీగకు పోవల్ల. నువ్వు నోటికి నోరు కట్టేసినావు. రెండూ మాట్లాడతా ఉంటే వినేదెవరు?"

మన ఇంట్లో నేనూ వీడూ చేసింది కూడా అదే కదా అనుకున్నాను. వాడు నలుపును నలుపుకే ఉంచి, తక్కినవి విప్పి, పసుపుకు ఆకుపచ్చ కలిపాడు.

రేడియో అద్దం మీద మేమున్న చోటు తెలిపే అంకెలు వచ్చాయి చౌడేశ్వరీ. ఎవరూ ఏదీ నొక్కలేదు, ఎవరూ మాట్లాడలేదు. చూస్తూ ఉండగానే చివరి అంకె మారింది.

"పడవ కదల్లేదే, అంకె యాల మారతాది?" అన్నాను.

"మనం కదల్లేదు. పైన ఉపగ్రహాలు తిరగతా ఉండాయి, ఆడి నుంచి లెక్క దిగతా ఉండాది."

తలెత్తి చూశాను. మిట్టమధ్యాహ్నపు ఆకాశం, ఒక్క మబ్బు కూడా లేదు. ఏమీ కనబడని ఆ చోటి నుంచి ఇసుకలో కూర్చున్న మా ఇద్దరినీ ఏదో గుర్తుపడుతోంది. ఒళ్లు జలదరించింది. నాకు తెలియకుండానే చేతులు జోడించాను. వాడు ఎగతాళి చేస్తాడనుకున్నాను.

"నాకూ మొదటిసారి అట్లనే అయింది నాయనా" అన్నాడు.

తర్వాత పాళెంలోని పెద్దవాళ్లు వచ్చి పడవ చుట్టూ నిలబడ్డారు. వాడు ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెబుతుంటే విన్నాను. మగ్గం ముందు తల వంచుకుని, అడిగితే ఊఁ అనేవాడే ఈ మనిషి అంటే నమ్మబుద్ధి కాలేదు. వాడి గొంతు అంత పెద్దదని ఇన్నేళ్లలో నాకు తెలియదు.

ఇక నీ బస్సు సంగతి. ఇది రాయడానికే భయంగా ఉంది. నిన్న పడవను నీళ్లలోకి తోసే ముందు వాడు నా దగ్గరికి వచ్చాడు. "అమ్మే పంపించిందని తెలుసు నాయనా. అమ్మను ఏడిపించి ఈడ ఉండలేను. సంచి సర్దిపెట్టినా. నువ్వు పోవద్దని ఒక్క మాట అను, ఇప్పుడే నీతో బస్సెక్కేస్తా" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికే నువ్వు నన్ను పంపావు. అది నోటిదాకా వచ్చింది. "పోయి రా" అన్నాను.

ధైర్యంతో అన్నాననుకునేవు. పడవ కంటికి దూరమయ్యాక నేరుగా పోయి పెంచలయ్య ఇంట్లో ఉన్న రేడియో ముందు కూలబడ్డాను. అందులో పడవ పేరు ఎంచి అడిగితే, ఆ పడవ రేడియో తానున్న చోటును దానంతట అదే పంపుతుంది. అడిగాను. అంకెలు వచ్చాయి. వాటి అర్థం నాకు తెలియదు. మళ్లీ అడిగాను, మారి వచ్చాయి. మారాయంటే పడవ నడుస్తోంది, వాడు అందులో ఉన్నాడు. సంతోషమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు. సాయంత్రం వాడు ఒడ్డు దిగి నడిచొచ్చేదాకా అడుగుతూనే కూర్చున్నాను. ఇంత భయపడ్డానని వాడికి చెప్పలేదు, నువ్వూ చెప్పవద్దు.

వాడే రానన్నాడని నీకు చెప్పేద్దామని రాత్రి అనుకున్నాను. నీ కోపంలో సగం వాడి మీదికి పోయేది, నాకు ఇంట్లో ప్రశాంతంగా ముద్ద దిగేది. కానీ వాడు వస్తానన్నాడు చౌడేశ్వరీ. నీ కోసం అన్నీ వదిలేసి వస్తానన్నాడు. పంపింది నేను. రేపు ఒక్కడినే వస్తున్నాను.

ఇట్లు,
వాకిట్లోనే నిలబెట్టి తిట్టినా మారు పలకని
నీ పెనిమిటి,
మురుగేష్