నీ తొట్టిలో నీలం మళ్లీ పులుస్తోంది

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఎమ్మిగనూరులో నీతోపాటే మూతపడ్డ నీలిమందు తొట్టి మళ్లీ పులుస్తోంది. పులియబెట్టింది నేను కాదు. ఆదోని నుంచి వచ్చి నీ దగ్గర అద్దకం నేర్చుకున్న ఖాదర్. నేను వార్త రాయడానికి వెళ్లాను.

నీలిమందు ఆకు నుంచి వస్తుందనీ, తొట్టిలోంచి తీసిన నూలు ముందు ఆకుపచ్చగా ఉండి, గాలి తగిలాకే నీలమవుతుందనీ రాసుకున్నాను. తొట్టి ఎంత పులిసిందో చూడటానికి ఖాదర్ వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. అచ్చం నీలాగే కళ్లు మూసుకుని, "ఇంగొక పూట ఆగల్లన్నా" అన్నాడు. నేనూ వేలు ముంచి రుచి చూశాను. నాలుక చురుక్కుమంది తప్ప ఏమీ తెలియలేదు.

"నాకెందుకు నేర్పలేదో నాయన ఎప్పుడన్నా చెప్పినాడా?" అని అడిగాను.

"సెప్పినాడు. 'మావాని సేతులు తెల్లగుండల్ల, నీకైతే పర్వాలేదులేరా' అన్న్యాడు." మోచేతుల దాకా నీలం పట్టిన చేతులు చూపించి నవ్వాడు. "అప్పుడు నిన్ను సూస్తే కుళ్లుగా ఉండెన్నా."

ఆ కుళ్లు ఇప్పుడు నాకుంది. వార్తలో ఖాదర్‌కు పని నేర్పింది నువ్వేనని రాశాను. నువ్వు నా తండ్రివని రాయలేదు.

వేలికంటిన నీలం ఇంకా కడుక్కోలేదు.