గంప కింది పిల్లలు

పాలమూరు దవాఖానలో పిల్లల వార్డు ఊడ్చి, తుడిచి, ఏడ్చేవాళ్లను ఎత్తుకుని తిరిగే మా అమ్మ సైదమ్మకు, నీ పెద్దబిడ్డ జానమ్మ చేతులెత్తి వందనాలు చెప్పి రాస్తున్నది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, నీ అల్లుడు ఏసోబు, నా చంటిది, మా అత్త, మరిది యోహాను అందరం క్షేమం. మేకలు కూడా క్షేమమే. మనుషులకంటే ముందు నీవు వాటినే అడిగావు కనుక ఆ మాట కూడా మొదట్లోనే రాస్తున్నాను. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న నర్సు అరుణమ్మగారికి నా వందనాలు.

నీ ఉత్తరం అందింది. అందులో నా తోడికోడలు బిక్షమ్మ పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూసుకోలేదు, చూస్తే అన్నం సహించదని. “బిక్షమ్మ బంగారమట గద, దానికి నారాయణపేట చీర కొని పంపుత” అని రాయించావు. అమ్మా, నీ కడుపున పుట్టింది నేను. నా పెండ్లికి కూడా నీవు నారాయణపేట చీర పెట్టలేదు.

బక్కయ్య చిన్నాయన అక్కడికి వచ్చి చెప్పిందంతా నిజమేనా అని అడిగావు. నిజమే, కానీ ఆయన చూసింది సగమే. మొదటి నుంచి చెప్తాను.

పరాయి చేలో పడిన పశువును తోలుకొచ్చి కట్టేసే సర్కారు బందెలదొడ్డి మా ఊరి అంగడి పక్కనే ఉన్నది కదా. ఈ ఏడు దాని గుత్త సాహుకారు పట్టాడు. అప్పటి నుంచి దొడ్డి చూసే రెవెన్యూ గిర్దావరు మనుషులు బీడులో మేసే జీవాలను కూడా తోలుకుపోవడం మొదలుపెట్టారు. జుర్మానా కడదామని పోతే దొడ్డి వాకిట్లోనే సాహుకారు చాప పరుచుకుని కూర్చుని ఉంటాడు. మన చేతిలో పైసలున్నా గిర్దావరు ముట్టుకోడు. “సాహుకారు చీటీ తే, ఇడుస్త” అంటాడు. చీటీ అంటే అప్పు. నెల తిరిగేసరికి దాని వడ్డీ మేక ఖరీదును మించుతుంది. చీటీ తీసుకోకపోతే వేలం. వేలంలో పాడేది కూడా సాహుకారే. గిర్దావరు ఇంటికి రోజూ పాలు ఎవరి బర్రెలవి పోతాయో ఊరందరికీ తెలుసు.

మా మేకలన్నీ దొడ్డిలో పడ్డనాడు నీ అల్లుడు చీటీ వద్దని సాహుకారు కాళ్లావేళ్లా పడ్డాడు. “పైసలు లేకుంటే ఏమాయె ఏసోబూ, మా ఇంట్ల రెండేండ్లు జీతముండు” అన్నాడట ఆయన. ఈయన సరేనని తల ఊపి ఇంటికొచ్చి, గోడకు ఒరిగి కూర్చున్నాడు. ఆ ఇంట్లో జీతానికి చేరినవాడు తిరిగి బయటపడటం నేనైతే చూడలేదు.

మిషను బడిలో నన్ను చదివించావు కదా, ఆ ధైర్యంతో మంచి తెలుగులో దరఖాస్తు రాసుకుని మక్తల్ తహసీలు కచేరీకి పోయాను. “ఉర్దూల రాపిచ్చుక రా పో” అని మడిచి చేతిలో పెట్టారు. ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఆడవాళ్లంతా బిక్షమ్మ చుట్టూ కూర్చుని ఉన్నారు. పొద్దున పోయినదాన్ని, ఏమైందని నన్ను ఒక్కరూ అడగలేదు.

జీవాలు మేతకు పోయినప్పుడు వాటి పిల్లల్ని ఇంటి దగ్గర గంపల కింద కమ్మి ఉంచుతాం. ఇప్పుడు తల్లులు దొడ్డిలో, పిల్లలు గంపల కింద. ఊరంతా అరుపులే. బిక్షమ్మ చంకలో తన చంటివాణ్ణి ఆడిస్తూ అన్నది ఇంతే: “తల్లులను మనకియ్యకుంటే పిల్లలనే తల్లుల కాడికి తీస్కపోదాం.” గొర్రెల బీరప్ప భార్య లక్ష్మీనర్సమ్మ, “గిది మంచిగుంది పిల్లా” అంటూ అందరికంటే ముందు లేచింది.

అంగడినాడు పిల్లలను గంపల్లో వేసి నెత్తిన పెట్టుకుని అందరం దొడ్డికి పోయాం. సాహుకారు చాపకు ఎదురుగా దించాం. ఒక పిల్ల అరిచింది. లోపల దాని తల్లి పలికింది. ఆ తర్వాత ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. పొదుగులు సలుపుతున్న మేకలూ గొర్రెలూ అన్నీ ఒక్కసారిగా వచ్చి తడిక మీద పడ్డాయి. తడిక విరిగింది. అవి సాహుకారు చాప మీది నుంచి, ఆయన తొడల మీది నుంచి దూకి పిల్లల దగ్గరికి పోయాయి. సిరాబుడ్డి ఆయన ధోవతి మీద ఒలికింది. అంగడంతా పొట్ట చేత పట్టుకుని నవ్వింది.

గిర్దావరు కర్ర ఊపుకుంటూ వచ్చాడు. “తడిక ఇరగ్గొట్టిందెవరు?”

“మేం ముట్టలే సారూ. పిల్లకు పాలియ్యనీకి తల్లి వొచ్చింది. కేసు రాస్తవా, దాని మీదనే రాసుకో” అన్నది బిక్షమ్మ.

ఆ మాట నేను అని ఉంటే ఎంత బాగుండేది అమ్మా! నా నోటిదాకా అలాంటిదేదో వచ్చింది కూడా. ఆమె ముందు అనేసింది.

గంపలు మళ్లీ నెత్తికెత్తుకుంటే జీవాలన్నీ మా వెంటే ఇంటికి వచ్చాయి. ఆనాటి నుంచి బావి దగ్గర బిక్షమ్మ, ప్రార్థనలో బిక్షమ్మ. మా అత్త వేడి రొట్టె ముందు ఆమెకే వేస్తున్నది. నీ అల్లుడు కూడా ఒక పూట, “మా మరదలు గుండెగల్లది” అన్నాడు. ఆ పూట నేను పచ్చిపులుసులో ఉప్పు వేయలేదు. నోరెత్తకుండా తిన్నాడు.

బక్కయ్య చిన్నాయన చూసింది ఇంతవరకే. అరుణమ్మగారూ, దయచేసి ఇక్కడి నుంచి అమ్మను వరండాలోకి తీసుకుపోయి మెల్లగా చదవండి.

అమ్మా, ఆ తర్వాత ఠాణా జవాన్లు మా వాకిట్లోకి వచ్చారు. “బిక్షమ్మ ఎవరు?” అన్నారు. ఆమె లోపల రొట్టెలు చేస్తున్నది. నేను బయట ఉన్నాను. “నేనే బిక్షమ్మను” అన్నాను.

తోడికోడలి కోసం నన్ను నేను ఇచ్చుకున్నానని ఊరంతా చెప్పుకుంటున్నది. పాస్టరుగారు ప్రసంగంలో కూడా చెప్పారు. నీ దగ్గర అబద్ధమాడలేను. ఆ క్షణాన నాకు ఆమె మీద జాలి రాలేదు. సర్కారు కూడా దాని పేరే అడగాలా అని ఒళ్లు మండింది. ఒక్కసారి ఆ పేరు నాదైతే ఎట్లుంటుందో చూడాలనిపించింది. చూశాను. మక్తల్ ఠాణాలో నేల మీద కూర్చోబెట్టి అక్కడి పోలీసు అమీను తిట్టిన తిట్లు నేను రాయను. అన్నీ బిక్షమ్మ పేరు మీదనే తిట్టాడు, తగిలింది మాత్రం నాకు. తెల్లారేసరికి పాలు చేపి రవికె తడిసిపోయింది. చంటిది ఇంటి దగ్గర ఉండిపోయింది కదా.

పొద్దెక్కాక బయట ఒక ఏడుపు వినబడింది. ఎంతమంది పిల్లలు ఏడ్చినా నా బిడ్డ గొంతు నాకు తెలియదా? లేచి తలుపు బాదాను, అరిచాను. తలుపు సందులోంచి చూస్తే ఠాణా ముందు బిక్షమ్మ కూర్చుని ఉన్నది. ఎదురుగా గంప, గంపలో నా బిడ్డ. వెనుక ఊరి ఆడవాళ్లంతా ఉన్నారు.

“ఈ పిల్ల ఎవరిది? తీస్కపో!” అన్నాడు అమీను.

“లోపటున్నదాని బిడ్డ. బిక్షమ్మను నేను. నన్ను లోపటెయ్యి, దాని తల్లిని బయటికి తోలు” అన్నది.

పక్క కచేరీలోని తహసీల్దారు ఆ గోల భరించలేక బయటికి వచ్చాడు. సర్కారు దొడ్డి వాకిట్లో సాహుకారు చాప ఎందుకున్నదని లక్ష్మీనర్సమ్మ ఆయననే అడిగింది. ఆయన అమీనును పిలిచాడు. నన్ను విడిచిపెట్టమన్నాడు. ఇకనుంచి జుర్మానా నేరుగా కచేరీలో కట్టమని అందరూ వింటుండగా చెప్పాడు. రేపు మాట తప్పుతాడేమో తెలియదు. ఇప్పటికైతే దొడ్డి ముందు చాప లేదు, నీ అల్లుడి జీతం మాట సాహుకారు ఎత్తడం లేదు.

దారిలో బిక్షమ్మ నాతో మెల్లగా అన్నది: “రాత్రంత నేనే పాలిచ్చిన అక్కా. పొద్దుగాల మాత్రం ఇయ్యలే. కడుపు నిండితే ఏడ్వదు గద. నన్ను తిట్టకు.” నేను తిట్టలేదు. ఎందుకు నేనే బిక్షమ్మనన్నానో కూడా చెప్పలేదు. నా బిడ్డ నా దగ్గర కడుపునిండా తాగి, ఆ వెంటనే బిక్షమ్మ వైపు తిరిగి నవ్వింది. దానికీ నాకు కుళ్లే.

ఆ చీర పంపు అమ్మా. నా చేతులతోనే దానికి ఇస్తాను. కానీ అదే అంచుది నాకూ ఒకటి పంపు. ఒక రాత్రంతా బిక్షమ్మను నేనే కదా.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన పెద్దబిడ్డ,
జానమ్మ