టైమ్ కార్డులో లేని గంటలు

జనవరి 6, 1983

బ్రాంట్ ఈరోజు నాకు కొత్త పని అంటగట్టాడు. ఫీజు ఒక్కో రకంగా కట్టించుకుంటే కాలేజీకి ఎంత ఖర్చవుతుందో లెక్క తేల్చాలట. చెక్కుకి ఎంత, క్యాష్‌కి ఎంత, క్రెడిట్ కార్డ్‌కి ఎంత, నాలుగు వాయిదాల్లో కడితే ఎంత. అతను కంట్రోలర్, కాలేజీ పద్దులన్నిటికీ పెద్ద, అడుగుతాడు. నేను అకౌంట్స్ క్లర్కుని, చేస్తాను. కార్డులు మొన్న ఫాల్ సెమిస్టర్‌లోనే మొదలెట్టాం. అతనికి అవంటే మహా ముద్దు. వాయిదాలంటే పడదు. కార్డు చవకని తేలితే వాయిదాలు ఎత్తేస్తానని ముందే చెప్పేశాడు. మరి నా లెక్క దేనికో!

జనవరి 10

రిజిస్ట్రేషన్. లంచ్ లేదు. కార్డ్ ఇచ్చిన ప్రతివాడి కోసం బ్యాంక్‌కి ఫోన్ చేసి అప్రూవల్ నంబర్ తీసుకోవాలి. లైన్ ఎప్పుడూ బిజీ. చెవి దగ్గర ఫోన్, ఒళ్లో పులిహోర డబ్బా.

ఐదు దాటాక శారద వచ్చింది. పక్క ఊరు నోవైలో ఉంటుంది. తెలుగువాళ్ల పిల్లల్ని ఇంట్లో చూసుకుంటూ, ఆ డబ్బుతో మా కాలేజీలో రెస్పిరేటరీ థెరపీ చదువుతోంది. తల్లులు ఆఫీసుల నుంచి వచ్చి పిల్లల్ని తీసుకెళ్తే గాని ఆవిడకి కదలడానికి లేదు. అందుకే ఎప్పుడూ ఆలస్యం, ఎప్పుడూ నేను కౌంటర్ తెరిచి ఉంచడం. మొదటి వాయిదా కట్టింది. వాళ్లాయన చదువుకోమంటాడు గానీ, ఫీజు మాటెత్తితే టీవీ సౌండ్ పెంచుతాడట. చెప్పి నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

కార్డుల స్లిప్పులన్నీ కూడి, బ్యాచ్ కట్టి బయటికొచ్చేసరికి పార్కింగ్ లాట్‌లో నా కారు ఒక్కటే ఉంది. మంచు గీకలేక చేతులు పడిపోయాయి.

జనవరి 19

లెక్క తేలింది. కార్డు మీద బ్యాంక్ వందకి మూడు డాలర్లు కోసుకుంటుంది. అది పట్టుకుని మిగిలిందే మన అకౌంట్‌లో వేస్తుంది కాబట్టి ఎవరి కంటా పడదు. నేను వదల్లేదు, కలిపాను. అయినా వాయిదాలే ఎక్కువ తింటున్నాయి. నాలుగుసార్లు బిల్లు, నాలుగుసార్లు స్టాంపు, బౌన్సయిన చెక్కులు, రిమైండర్లు, మనుషుల గంటలు. గంటలు, మేం రోజూ వచ్చిన టైమూ వెళ్లిన టైమూ రాసే టైమ్ కార్డుల్లోంచి తీశాను.

బ్రాంట్ బ్యూటిఫుల్ అన్నాడు. మార్చి నెల బోర్డు మీటింగ్‌లో పెడతాడట. ఆపైన కొత్త వాయిదాలు ఉండవు.

జనవరి 20

శారదకి ఫోన్ చేసి చెప్పాను. అంత డబ్బు ఒక్కసారి ఎక్కడ తేనక్కా అంది. క్రెడిట్ కార్డ్‌కి అప్లై చేస్తే, బ్యాంక్‌వాళ్లు పిల్లల్ని చూడడం ఉద్యోగం కాదన్నారట. ఇంకొక్క ఏడాది చదివితే హాస్పిటల్లో జాబ్ వచ్చేది, పోనీలే మానేస్తాను అంది. ఈసారి నవ్వలేదు.

జనవరి 22, శనివారం

పొద్దుటి నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. దోసె మాడింది. ఇంకోటి వేస్తే అదీ మాడింది. లెక్క సరిగ్గానే ఉంది. నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

అదే రోజు, మధ్యాహ్నం

దొరికింది!

నా టైమ్ కార్డులో రోజూ ఐదు అనే ఉంటుంది. రిజిస్ట్రేషన్‌లో ఏ రోజూ ఐదింటికి లేచిన పాపాన పోలేదు. లంచ్ గంట కూడా ఫోన్‌కే పోయింది. కార్డుల పని సగానికి సగం నేను రాయని గంటల్లో జరిగింది. లెక్కలో ఆ సగానికి సున్నా. బ్రాంట్ మురిసిపోతున్న చవక నేను ఊరికే చేసిన చాకిరీ.

ఎందుకు రాయలేదంటే ఏం చెప్పను? పని మిగిలితే చేసి వస్తాం. దానికి ఓవర్‌టైమ్ అడగడమంటే నాకు చచ్చేంత సిగ్గు. మనవాళ్లంతా ఇంతే. పైగా తలా ఒక వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లలో గొప్పలు, అమెరికన్లు ఐదు కొట్టగానే పరిగెడతారని!

జనవరి 23

రాయని గంటల సంగతి బ్రాంట్‌కి చెప్తానంటే మా ఆయన హరనాథ్ వద్దన్నారు. కొరివితో తల గోక్కోవడమే అన్నారు. ఆయన కార్ల కంపెనీలో లేఆఫ్‌లు జరుగుతున్నాయి, నెలనెలా నమ్మకంగా వచ్చేది నా జీతమే. తప్పుడు టైమ్ కార్డ్ ఇచ్చావని ఫైర్ చేస్తారు, కావాలంటే శారదకి మనమే డబ్బు సర్దుదాం అన్నారు.

మొగుడు మంచివాడే. శారదని అడిగాను. అప్పుంటే నీ మొహం ఎలా చూడనక్కా అంది.

భయంగా ఉంది.

జనవరి 24

రాయని గంటలన్నీ కాగితం మీద పెట్టి బ్రాంట్‌కి ఇచ్చేశాను.

జనవరి 25

బ్రాంట్ తలుపు వేసి మాట్లాడాడు. అరవలేదు, అరిస్తే బాగుండేది. నిన్నెవరు ఉండమన్నారని అడిగాడు. ఎవరూ అనలేదన్నాను. ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. గంట జీతం మనిషి చేత ఊరికే పని చేయించుకోవడం చట్టం ఒప్పుకోదట. ఒప్పుకోదని నాకిప్పుడు తెలిసింది.

ఫిబ్రవరి 11

రాయని గంటలు కలిపితే కార్డే ఎక్కువ ఖర్చని తేలింది. వాయిదాలు ఉంటాయి. ఉద్యోగం కూడా ఉంది.

బాకీ జీతం చెక్కూ, వార్నింగ్ లెటరూ ఒకే కవర్లో వచ్చాయి. ఇక మీదట కౌంటర్ ఐదింటికి మూసెయ్యాలి. ఐదు తర్వాత కాలేజీ డబ్బు ముట్టుకుంటే తీసేస్తారు. చదివానని నా చేత సంతకం పెట్టించుకున్నారు.

శారద ఫోన్‌లో ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఐదింటి సంగతి చెప్పాను. ఎలాగో వస్తానక్కా అంది.

ఫిబ్రవరి 14

ఐదున్నరకే ఇంట్లో ఉన్నాను. ఏం చెయ్యాలో తోచలేదు.

మార్చి 1

రెండో వాయిదాకి ఈరోజే ఆఖరు. కట్టకపోతే క్లాసుల్లోంచి పేరు కొట్టేస్తారు. తల్లులు శారదకి నెల డబ్బు ఇచ్చేదీ ఒకటో తేదీనే, పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు.

ఐదింటికి కౌంటర్ మూశాను. టైమ్ కార్డులో ఐదని రాశాను. అందరూ వెళ్లిపోయారు. కారులో కూర్చున్నాను గానీ స్టార్ట్ చెయ్యలేదు.

ఆరవుతుండగా శారద మంచులో జారుకుంటూ వచ్చింది. ఆఫీసు తాళం నా దగ్గరే ఉంది.

లైట్ వెయ్యకుండా రసీదు రాశాను.