మరియమ్మవ్వ ఇంటి ముందు స్టాపు

మంగళవారం

అన్నం సయిస్తలేదు, అంత కోపంగున్నది. మోకాళ్ల నొప్పులతోటి స్టాపు దాక నడవలేని మరియమ్మవ్వ కోసం మా డ్రైవర్ సాంబన్న ఆమె ఇంటి ముందే బస్సు ఆపుడు షురూ చేసిండు. మంచిదే. ఆ తర్వాత "ఆమెకు ఆపినోళ్లు మాకెందుకు ఆపరు?" అని అందరూ నా మీదికొచ్చుడే. కండక్టర్‌ను గదా, తిట్లన్నీ నాకే. ఇప్పుడు ఏన్కూరు నుంచి భద్రాచలం దాక గుమ్మం గుమ్మానికి ఆగుతున్నం.

ఇయ్యాల అవ్వ ఇల్లు వచ్చేసరికి బస్సుల కాలు పెట్ట జాగ లేదు, టైమూ దాటింది. దవాఖానాకు పోయేటందుకు అవ్వ చెయ్యెత్తి నిలబడ్డది. సాంబన్న ఆపకుంట పోనిచ్చిండు.

"ఏందన్నా, అవ్వను ఇడిసిపెట్టినవ్?" అని మొత్తుకున్న.

"ఆడ స్టాపు లేదు గద చెల్లే" అన్నడు.