నేనూ ఇంతే

తిరుపతి,
జులై 1979

సంపత్కుమార్ గారికి,

మీరిచ్చిన జర్మన్ నవల చదివాను. ఏడుపు రాలేదు. పెళ్లి కుదిరిన పిల్ల వద్దంటున్నా వెంటపడి, చివరికి తుపాకితో కాల్చుకుని, ఆ నింద ఆమెకు వదిలిపోయాడు మీ కథానాయకుడు. ఆ చావు పక్కన మీరు పెన్సిల్‌తో "నేనూ ఇంతే" అని రాశారు.

ఈ వారం గుడికి తులసిమాలలు కట్టే మధ్యాహ్నాల్లో ఆడవాళ్లందరికీ అదంతా చదివి వినిపించాను, మీ రాతతో సహా. అందరికంటే మీ అమ్మగారే మండిపడ్డారు. "ఆ పిల్ల ఏం పాపం జేసిందని దాని నెత్తిన చావు పెట్టిపోయినాడు? కన్నతల్లి రెండు పీకింటే దోవకొచ్చుండేవాడు!"

పెన్సిల్‌తో రాసిందెవరని కూడా అడిగారు. నేను పేరు చెప్పలేదు. పుస్తకం ఆమె చేతికే ఇచ్చాను. కొడుకు చేతిరాత ఆమెకు తెలియదా?

ఈ ఉత్తరం మీ ఆఫీసుకు పంపుతున్నాను. సాయంత్రం నేరుగా ఇంటికి వెళ్లండి.

ఇట్లు,
మీ చావుతో సంబంధం లేని మనిషి